సోల్డరింగ్ ఐరన్ కొనే ముందు మీ ఊరి కరెంటు చూడండి

ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది: “మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. నాన్నగారికి రెండు రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట కరెంటు పోయి, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే ఫోన్‌కి కబురు వచ్చేలా ఈఎస్‌పీ32 అనే కంట్రోలర్ బోర్డుతో చిన్న సర్క్యూట్ కడుతున్నాను. ఆన్‌లైన్‌లో చవగ్గా 60 వాట్ల ఐరన్ కొంటే అది పెట్టినచోటల్లా బోర్డు మీద రాగి లేచిపోతోంది. మా ఊరి టీవీ మెకానిక్ గారి దగ్గర 25 వాట్లది అడిగి తెచ్చుకున్నాను. పగలు బాగానే పనిచేసింది, రాత్రి మాత్రం లెడ్, అదే టంకం తీగ, సరిగా కరగలేదు. రెండు వేలకి అటూ ఇటూ ఏది కొనమంటారు? రాగి లేచిపోయిన బోర్డు ఇక పారేయాల్సిందేనా?”

మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన ముక్క ‘రాత్రి కరగలేదు’ అన్నది. చాలామంది ఆ మాట చెప్పరు. ఐరన్ పోయిందనుకుని ఇంకోటి కొనేస్తారు. అందుకని అక్కణ్ణుంచే మొదలెడతాను.

ఆ 25 వాట్లదాంట్లో తెలివేమీ ఉండదండి. లోపల ఒక తీగచుట్ట, దానికో బిట్, అంటే వేడెక్కే మొన, అంతే. గోడలోంచి ఎంత వోల్టేజ్ వస్తే అంత వేడి. పైగా వోల్టేజ్ పడిన లెక్కన వేడి పడదు, దాని వర్గం లెక్కన పడుతుంది. 230 వోల్టుల దగ్గర 25 వాట్లు ఇచ్చే ఐరన్ 180 వోల్టుల దగ్గర ఇచ్చేది 15 వాట్లే. పొద్దుగూకాక నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి చెరువుల మీద ఏరేటర్లన్నీ రాత్రంతా తిరుగుతాయి. లైను చివర ఉన్న ఇళ్ళకి వోల్టేజ్ దిగిపోతుంది. అంటే మీ ఐరన్‌ని చల్లారుస్తున్నది మీ చెరువు మీది ఏరేటర్లే కావచ్చు. మల్టీమీటర్ ఉంటే ఏసీ పెద్ద రేంజిలో పెట్టి, ప్రోబుల లోహం వేళ్ళకి తగలకుండా, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ప్లగ్గులో కొలవండి. 200 కంటే కింద చూపిస్తే ఆ రకం ఐరన్‌తో రాత్రి పని పెట్టుకోవద్దు. పొద్దున్న ఎండెక్కాక ఏరేటర్లు ఆపేస్తారు, వోల్టేజ్ 250కి ఎక్కిందనుకోండి, అదే ఐరన్ 30 వాట్ల దగ్గరికి పోతుంది. ఒకే ఐరన్ రాత్రి ఒకలా, పగలు ఒకలా ఉంటే కొత్తగా నేర్చుకునేవాడికి చెయ్యి ఎలా కుదురుతుంది?

నేను పాలకొల్లులో రేడియోలు, టీవీలు బాగుచేస్తూ మొదలెట్టాను. ఇప్పుడు వచ్చేవన్నీ చెరువుల స్టార్టర్ ప్యానెళ్ళ బోర్డులే. ఆ 25 వాట్లదాంతోనే పాతికేళ్ళు అన్నం తిన్నాను కాబట్టి దాన్ని తీసిపారెయ్యను. సోల్డ్రాన్ లాంటి కంపెనీ ఐరన్ అయితే పెట్టిన డబ్బుకి అన్యాయం చెయ్యదు. కానీ అది చేతివాటం ఉన్నవాళ్ళ పనిముట్టు. ఎప్పుడు వేడి ఎక్కువైందో పొగ చూసి, ఎప్పుడు తగ్గిందో లెడ్ జారే తీరు చూసి సర్దుకోవడం రావాలి.

మీరు కొన్న 60 వాట్లదాని జబ్బు దీనికి తలకిందులు. స్టాండు మీద ఊరికే ఉన్నప్పుడు ఆ వేడి ఎక్కడికీ పోదు, బిట్ 400 డిగ్రీలు దాటిపోవడం మామూలే. దాన్ని తెచ్చి వరసగా కన్నాలుండే గోధుమరంగు జీరో పీసీబీ మీద పెట్టి ఉంటారు. ఆ బోర్డు కాగితాన్ని ఫినాలిక్ రెసిన్‌తో అదిమి చేసినది, మీద ఉన్న రాగి చుక్కల్ని పట్టి ఉంచేది వట్టి జిగురు. అంత వేడికి జిగురు చచ్చిపోతుంది, రాగి బిట్‌తో పాటు ఊడొస్తుంది. మీ చేతిలో తప్పేం లేదు. ఆకుపచ్చటి గ్లాస్ ఎపాక్సీ బోర్డు ఇంకాస్త ఓర్చుకుంటుంది. రేటు ఎక్కువైనా నేర్చుకునేటప్పుడు అదే వాడండి.

హ్యాండిల్ మీద 200 నుంచి 450 దాకా అంకెలున్న చక్రం ఉందంటారేమో. చవక ఐరన్లలో కొన్నిటికి ఆ చక్రం మన ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిదే. కరెంటు ఎక్కువ తక్కువ చేస్తుంది తప్ప బిట్ ఎంత వేడిగా ఉందో దానికి తెలియదు. 350 దగ్గర పెట్టినంత మాత్రాన 350 ఉన్నట్టు కాదు.

అందరూ ఎన్ని వాట్లు అనే అడుగుతారు. వాట్లంటే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నిలవ ఉన్న నీళ్ళనుకోండి. మీరు పెట్టబోయే జాయింటు శివారు చేను. బ్యారేజీ నిండుగా ఉన్నా, పంట బోదె సన్నగా పూడుకుపోయి ఉంటే శివారుకి తడి అందదు కదా. ఐరన్‌లో ఆ బోదె బిట్టే. చేను అడిగినప్పుడు గేటు ఎత్తి, చాలన్నప్పుడు దించే మనిషి ఉండాలి, అది టెంపరేచర్ కంట్రోల్. బిట్ పక్కనే ఉన్న సెన్సర్ ‘ఇప్పుడే చల్లటి రాగికి తగిలాను, వేడి లాగేస్తోంది’ అని చెప్పగానే లోపలి సర్క్యూట్ పూర్తి కరెంటు వదులుతుంది, వేడెక్కగానే కట్టేస్తుంది. 60 వాట్ల స్టేషన్, అంటే ఇలాంటి కంట్రోల్ పెట్టె విడిగా ఉన్న ఐరన్, స్టాండు మీద ఉన్నప్పుడు వాడుకునేది కొంచెమే. పని పడినప్పుడే మిగతాది తీస్తుంది. మీ 60 వాట్లకీ దాని 60 వాట్లకీ తేడా ఇదే.

బోదె మాట వచ్చింది కాబట్టి బిట్ సంగతి చెప్పేస్తాను. చవక ఐరన్లతో వచ్చేది పెన్సిల్ ములికిలాంటి కోసు బిట్. చిన్న పని కదా, సన్న బిట్ మంచిదనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను చాలాకాలం. ఆ కొస జాయింటుని ఒక్క చుక్క దగ్గరే తాకుతుంది, వేడి దిగదు. దిగడం లేదని మనం నొక్కుతాం, నొక్కితే రాగి లేస్తుంది. ఉలి మొనలా బల్లపరుపుగా ఉండే బిట్ తీసుకోండి. డీ రకం అంటారు, 2.4 మిల్లీమీటర్ల వెడల్పుది. దాని చదును భాగం కాంపోనెంట్ కాలునీ బోర్డు మీది రాగినీ ఒకేసారి తాకుతుంది. రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది. మీరు కట్టే సర్క్యూట్‌లో నూటికి తొంభై జాయింట్లు దాంతోనే అయిపోతాయి. ఎప్పుడైనా కాళ్ళు వరసగా ఉన్న చిన్న ఐసీలు చెయ్యాల్సి వస్తే చాకులా ఉండే కే రకం బిట్ ఒకటి దగ్గర పెట్టుకోండి. కోసు బిట్‌ని డబ్బాలోనే ఉండనివ్వండి.

డిగ్రీల లెక్క కూడా చూద్దాం. తగరం 63, సీసం 37 పాళ్ళున్న లెడ్ సరిగ్గా 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గడ్డకడుతుంది. 60/40 లెడ్ 183కి మెత్తబడి 190 దాకా అటూ ఇటూగా ఉంటుంది, ఆ మధ్యలో చెయ్యి కదిలితే జాయింటు మసకబారి డ్రై సోల్డర్, అంటే పైకి అతికినట్టుండి లోపల సరిగా కలవని జాయింటు, అవుతుంది. అందుకే కొత్తవాళ్ళకి 63/37 మంచిది. సీసం లేని రకాలు 217 నుంచి 227 డిగ్రీల మధ్య కరుగుతాయి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఈ కాలపు బోర్డుల మీద ఉండేది చాలావరకూ అదే, అందుకే వాటినుంచి కాంపోనెంట్ ఊడదీయడం కష్టం. మీ పనికి స్టేషన్‌ని 320 నుంచి 340 మధ్య పెట్టుకోండి. సీసం లేనిదానికి ఇంకో 30 పెంచండి. మూడు సెకన్లలో లెడ్ పారకపోతే వెంటనే చక్రం తిప్పెయ్యకండి. బిట్ మీద నలుపు ఉందేమో, కొసతో తాకిస్తున్నారేమో చూడండి. ఈఎస్‌పీ32 బోర్డులో గ్రౌండ్ కాలు ఒక్కటి మాత్రం మొండికేస్తుంది. దాని వెనక బోర్డంతా పరుచుకున్న రాగి ఉంటుంది, వేడినంతా తాగేస్తుంది. అక్కడ 20, 30 డిగ్రీలు పెంచినా తప్పులేదు.

ఇక కొనాల్సింది. మీ డబ్బులకి నేను చెప్పేది 936 రకం స్టేషన్. జపాన్ హాకో కంపెనీ ఒకప్పుడు చేసిన 936 నమూనాకి ఇవి నకళ్ళు. అసలుది ఆపేసి చాలా ఏళ్ళయింది గానీ, దాని 900ఎం బిట్లు ఎక్కడైనా దొరుకుతాయి, అదే దీని బలం. బిట్ అరిగితే స్టేషన్ పారెయ్యక్కర్లేదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది తీసుకోండి. బరువుగా ఉంటుంది, బల్ల మీద జారదు. ఐరన్‌కి 24 వోల్టులే వెళ్తాయి. ఊళ్ళో వోల్టేజ్ పడితే ఇదీ కొంచెం నెమ్మదిస్తుంది కానీ, 60 వాట్లలో సగం పోయినా సెన్సర్ ఉంది కాబట్టి బిట్ తన వేడి నిలుపుకుంటుంది. డబ్బులు ఇంకొంచెం పెట్టగలిగితే టీ12 బిట్లు వాడే స్టేషన్ ఇంకా మంచిది. వాటిలో హీటరూ సెన్సరూ బిట్‌లోనే ఉంటాయి, వేడి అందడంలో జాప్యం ఉండదు.

నకలు స్టేషన్ ఏదైనా సరే, ఇంటికి రాగానే ప్లగ్గులో పెట్టకండి. మల్టీమీటర్‌ని ఓముల మీద పెట్టి ప్లగ్గు మూడో పిన్నుకీ బిట్ కొసకీ మధ్య కొలవండి. ఒకటి రెండు ఓములు రావాలి. ఏమీ చూపించకపోతే లోపల ఎర్త్ వైరు కలపలేదని అర్థం, వెనక్కి పంపెయ్యండి. అది బాగానే ఉన్నా గోడలోని మూడో కన్నం వెనక వైరు ఉండాలి కదా. మన పల్లెటూరి ఇళ్ళలో చాలాచోట్ల ఆ కన్నం ఉత్తుత్తి కన్నమే. ఎర్త్ పిట్ తీసిన చోట కూడా కడ్డీకి బిగించిన వైరు తుప్పుపట్టి ఊడి ఉంటుంది. ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. దీనికి సొంత ప్రయోగాలు వద్దు.

ఎర్త్ గురించి ఇంత గొడవ ఎందుకంటే, నాకు దెబ్బ తగిలింది కాబట్టి. షాపు పెట్టిన కొత్తలో నా ఐరన్ లోపలి అభ్రకం పొర పగిలి బిట్‌కి లీకేజీ వచ్చింది. చేతికి చెక్క హ్యాండిల్ కదా, నాకు షాక్ తెలియలేదు. వరసగా మూడు రిమోట్లు బాగుచేసి ఇస్తే మూడూ తిరిగొచ్చాయి. కొన్న ఐసీలే నాసిరకమనుకుని నాలుగో ఐసీ తెప్పించాను. చివరికి ఎందుకో బిట్‌కి టెస్టర్ పెడితే దీపంలా వెలిగింది. ఐసీల్ని నేనే చంపుతున్నానన్నమాట. స్టాటిక్ కరెంటు గురించి వీడియోల్లో భయపెడతారు గానీ, మన డెల్టా గాలిలో ఉండే తేమకి ఆ బెడద పొడి ప్రాంతాల కంటే తక్కువ. మనకి అసలు శత్రువు లీకేజీ.

చెరువు గట్టు మీదే కూర్చుని పని చెయ్యాల్సి వస్తుందా? అలాంటప్పుడు టైప్-సీ తోనో, గుండ్రటి డీసీ పిన్నుతోనో నడిచే పెన్నులాంటి ఐరన్లు ఉన్నాయి, టీఎస్100 వంశం, పైన్‌సిల్ వగైరా. ఇవి డీసీ మీద నడుస్తాయి, అడాప్టర్ 100 నుంచి 240 దాకా దేన్నయినా తీసుకుంటుంది కాబట్టి మీ ఊరి వోల్టేజ్‌తో వీటికి పనిలేదు. ఖరీదు ఎక్కువ. కొనేముందు ఒక లెక్క చూసుకోండి. బిట్ నిరోధం సుమారు 8 ఓములు. 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే వచ్చేది 18 వాట్లు, 20 వోల్టులు ఇచ్చే పీడీ (పవర్ డెలివరీ) అడాప్టర్‌కి తగిలిస్తే 50 వాట్లు. మీ ఫోన్ చార్జర్ 20 వోల్టులు ఇవ్వదనుకోండి, ఎంత మంచి ఐరన్ కొన్నా నీరసంగానే ఉంటుంది. రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిపితే బిట్ ముట్టుకున్నప్పుడు బోర్డుకి చిన్న లీకేజీ తగులుతుంది. టీఎస్100 లాంటివాటికి ఎర్త్ వైరు బిగించుకోడానికి చిన్న స్క్రూ ఇస్తారు. అందరూ దాన్ని వదిలేస్తారు, మీరు వదలకండి. మొదటి ఐరన్‌గా మాత్రం నేను స్టేషన్‌కే ఓటేస్తాను.

ఐరన్ మీద పెట్టినంత శ్రద్ధ లెడ్ మీద పెట్టరు, అదే నాకు కోపం. 22 గేజ్ లెడ్ తీసుకోండి, అంటే 0.7 మిల్లీమీటర్ల మందం. 18 గేజ్‌ది లావు, వైర్లకి సరిపోతుంది గానీ బోర్డు మీద ముద్దలు కడుతుంది. చుట్ట మీద 60/40 అని రాసి లోపల తగరం తక్కువ వేసిన సరుకు తిరుగుతూ ఉంటుంది. జాయింటు ఆరాక మెరవకుండా గరుగ్గా, బూడిదరంగులో ఉంటే, మీ చెయ్యి కదలలేదని గట్టిగా అనుకుంటే, లెడ్‌నే అనుమానించండి.

ఫ్లక్స్ సంగతి మరీ ముఖ్యం. కంసాలి టంకం పెట్టేటప్పుడు వెలిగారం ఎందుకు రాస్తాడు? లోహం మీది మకిలి కరిగితేనే టంకం పట్టుకుంటుంది. మన పనిలో వెలిగారం బదులు రోజిన్, మంచి లెడ్ తీగ లోపలే అది ఉంటుంది. హార్డ్‌వేర్ షాపుల్లో రేకు డబ్బాలు అతికేవాళ్ళ కోసం అమ్మే యాసిడ్ పేస్ట్ ఉంటుంది చూశారా, అది బోర్డు దగ్గరికి రానివ్వకండి. లెడ్ అద్భుతంగా పట్టుకుంటుంది, అందుకే మోసపోతాం. నాకు ఒకాయన ఏరేటర్ టైమర్ బోర్డు తెచ్చారు, అందులోని రిలే, అంటే కరెంటుతో కొట్టుకునే స్విచ్, తానే మార్చుకున్నారట. జాయింట్లు చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్క వర్షాకాలం గడిచిందో లేదో కాళ్ళన్నీ పచ్చగా చిలుం పట్టి, రాగి గీతలు తినేసి, రిలే తనంత తనే కొట్టుకోవడం మొదలెట్టింది. చెరువు గట్టున ఉండే ఉప్పు తేమ ఆ యాసిడ్‌కి తోడైతే బోర్డుకి బతుకు ఉండదు. రోజిన్ వాడినా పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత బ్రష్ పెట్టి కడిగి, ఆరాక బోర్డు మీద వార్నిష్‌లా పట్టే కన్‌ఫార్మల్ కోటింగ్ కొట్టండి. మీ సర్క్యూట్ ఉండబోయేది చెరువు దగ్గర షెడ్డులో కాబట్టి ఇది మానకండి.

అదే షెడ్డు మాట మీద ఇంకోటి. స్క్రూ కనెక్టర్లలో పెట్టే పోగుల వైరు చివరకి లెడ్ పూయకండి. చూడ్డానికి నీటుగా ఉంటుంది, కానీ లెడ్ మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా జరిగిపోయి కొన్నాళ్ళకి లూజ్ కాంటాక్ట్ అవుతుంది. లగ్గు, అంటే చిన్న లోహపు తొడుగు, వేసి నొక్కించండి. నీలం రిలే బోర్డు ఏదైనా వాడుతుంటే, దాంతో మోటారుని నేరుగా నడపకూడదని మీకు తెలిసే ఉంటుంది. కరెంటు ఉందో లేదో చూసి చెప్పడం వరకే మీ సర్క్యూట్‌కి వదిలెయ్యండి.

బిట్ కాపాడుకోవడానికి పెద్ద విద్య ఏమీ లేదు. స్టేషన్ బిట్ మీద ఇనుప పూత ఉంటుంది, ఆకురాయి, ఉప్పు కాగితం పెట్టారా, పూత పోయి లోపలి రాగిని లెడ్ తినేస్తుంది. పాత రకం రాగి బిట్లని మేం ఆకురాయితో సానబెట్టేవాళ్ళం, ఆ అలవాటుతోనే ఒక మంచి బిట్ పాడుచేశాను. ఇత్తడి పీచుతో తుడవండి. స్పాంజి వాడితే బోరు నీళ్ళు పొయ్యకండి, మన తీరం వైపు నీళ్ళలో ఉప్పు బిట్ మీద పొర కడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు. ఆపేముందు బిట్ మీద కొంచెం లెడ్ పూసి ఆపండి. టీకి లేచినప్పుడు స్టేషన్ కట్టేసి లేవండి.

పొగ మొహానికి తగలకుండా కూర్చోండి. అది సీసం పొగ కాదు, రోజిన్ పొగే, అయినా ఆయాసం తెప్పిస్తుంది. సీసం వచ్చేది చేతుల మీంచి. లెడ్ పట్టుకున్న చేత్తో పునుగులు తినకండి, సబ్బుతో కడుక్కోండి.

రాగి లేచిన మీ బోర్డు పారెయ్యక్కర్లేదు. ఊగుతున్న రాగి చుక్కని కత్తితో కోసి తీసెయ్యండి, అతికించాలని చూడకండి. కాంపోనెంట్ కాలు పొడవుంటే దాన్నే వంచి, దాంతో కలవాల్సిన పక్క చుక్క దాకా పడుకోబెట్టి అక్కడ లెడ్ పెట్టండి. పొడవు చాలకపోతే రెసిస్టర్ల నుంచి కత్తిరించిన కాళ్ళు దాచుకుని ఉంటారు కదా, అందులో ఒకటి వంతెనలా వెయ్యండి. కాంపోనెంట్ ఊగకుండా దాని కాళ్ళ మధ్య కొంచెం ఎపాక్సీ పెట్టండి. రాగి గీతలు అచ్చువేసిన బోర్డు మీద లేచిందైతే, ఆ గీత మీది ఆకుపచ్చ పూతని బ్లేడుతో అర సెంటీమీటరు గీకి, కింద రాగి మెరిసేదాకా చూసి, ఆ కాలిని దాని మీదే పడుకోబెట్టండి. ఈ పనికి మీ పాత 60 వాట్లది మాత్రం వాడకండి. దాన్ని లావు వైర్లు అతకడానికి షెడ్డులో ఉంచుకోండి.